జింజర్ చివర మిగిలిన 'వేరు': ఒక వ్యుత్పత్తి కేసు

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుల్లో వ్యుత్పత్తి భాగం చూసే ఎడిటర్‌ని నేను. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఏయే భాషల మీదుగా వచ్చింది అన్నది నాలుగు వాక్యాల్లో తేల్చి ఇవ్వడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక మాట, జింజర్ (అల్లం) గురించి. ఆ ఎంట్రీని నేను మొదట తప్పుగానే పాస్ చేశాను. ప్రూఫు దశలో వెనక్కి తీసుకున్నాను. ఎక్కడ పొరపడ్డానో, దాన్ని ఎలా దిద్దుకున్నామో రాసి ఉంచితే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుంది. మనుషుల వివరాలు, సంస్థ వివరాలు తీసేశాను.

నేపథ్యం

హైస్కూల్ పిల్లల కోసం వేస్తున్న నిఘంటువు అది. కొన్ని మాటల పక్కన 'ఈ మాట ఎక్కడిది?' అని చిన్న బాక్సు ఉంటుంది. బాక్సుకి 40 మాటలు మించకూడదు. పిల్లలు చదివేది కాబట్టి 'బహుశా', 'కావచ్చు' లాంటివి వీలైనంత తగ్గించమన్నారు.

జింజర్ బాక్సు రాసింది ఒక యువ తెలుగు టీచర్. సంస్కృతం శ్రద్ధగా చదువుకున్న మనిషి. ఆయన పంపిన పాఠం ఇది: 'సంస్కృతంలో శృంగవేరం. శృంగం అంటే కొమ్ము, వేరం అంటే శరీరం. కొమ్ములాంటి ఆకారం గలది అని అర్థం. గ్రీకు, లాటిన్ల మీదుగా ఇంగ్లిష్‌కి వెళ్లి జింజర్ అయింది.'

చదవగానే నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అక్కడే ఉంది. మన ఇళ్లలో అల్లం కొమ్ము అంటాం, పసుపు కొమ్ము అంటాం, శొంఠి కొమ్ము అంటాం. అల్లాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే అటూ ఇటూ చీలిన పిలకలు నిజంగా కొమ్ముల్లాగే ఉంటాయి. ఇక 'వేరం' విషయానికొస్తే, దాని మరో రూపం 'బేరం' మనకి గుళ్లో రోజూ వినిపించేదే: మూలబేరం, ఉత్సవబేరం, అంటే విగ్రహాలు. పైగా అమరకోశంలో 'ఆర్ద్రకం శృంగవేరం స్యాత్' అని ఉండనే ఉంది. అర్థం కుదిరింది, ప్రమాణం కుదిరింది. టిక్కు పెట్టేశాను.

సమస్య

ద్రావిడ భాషల మీద ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మాస్టారు ఒకరు మా ప్రూఫులు చూస్తారు. ఆయన మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాసి పంపారు: 'పూర్తిగా తప్పు. ఇది తమిళ ఇంజివేర్. దక్షిణాది రేవుల నుంచి నేరుగా యూరప్ వెళ్లింది. జర్మన్లు ఇవాళ్టికీ ఇంగ్వర్ అంటున్నారు, చూసుకోండి.'

టీచర్‌కి ఆ కాగితం పంపితే గంటలో ఫోన్ చేశాడు. "మేడం, వందల ఏళ్ల కోశాలన్నీ తప్పంటే ఎలా? రామాయణంలో గుహుడి ఊరు శృంగిబేరపురం కదా, అంత పాత మాట ఇది." గొంతులో బాధ తెలుస్తోంది. మాస్టారిని అడిగితే ఆయన బాధ ఆయనది. "చూడమ్మా, సంస్కృతంలో కనిపించిందంటే అక్కడే పుట్టిందనుకోవడం మనకి అలవాటైపోయింది. ఎవరో ఒకరు ఆపాలి కదా."

వ్యుత్పత్తి పనిలో తరచూ జరిగేదే ఇది. మాట సంగతి పక్కకి పోయి, ఎవరి భాష గొప్పదన్న దగ్గర ఆగిపోతాం. అప్పుడు ఎడిటర్ ఎవరి పక్షం తీసుకున్నా రెండోవాళ్లు నమ్మరు. కాబట్టి తీర్పు కంటే ముందు ఇద్దరూ ఒప్పుకునే పద్ధతి ఒకటి కావాలి.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట ఇంగ్లిష్ నిఘంటువులు ఏమంటున్నాయో చూసి లెక్క కట్టాను. పాతవాటిలో ఎక్కువ భాగం 'కొమ్ము శరీరం' దగ్గర ఆగుతాయి. ఈ కాలంవి ద్రావిడ మూలం వైపు మొగ్గుతాయి. లెక్క వల్ల ఏమీ తేలలేదు. నిఘంటువులు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి కాబట్టి, పది నిఘంటువులు ఒకే మాట చెప్పినా పదిమంది సాక్షులు చెప్పినట్టు కాదు.

తర్వాత ఏ భాషలో ముందు రాతలోకి ఎక్కిందో చూద్దామనుకున్నాం. ఇంజి (తమిళంలో అల్లం) పాత తమిళ సంగం సాహిత్యంలో ఉంది. సింగివేర పాలీ వినయపిటకంలో (బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం), భిక్షువులు దగ్గర ఉంచుకోదగిన వేరు మందుల జాబితాలో ఉంది. శృంగవేరం మన వైద్య గ్రంథాల్లో ఉంది. ఈ గ్రంథాల కాలాల గురించి వారం వాదించుకోవచ్చు, మేమూ రెండు రోజులు వాదించుకున్నాం. కానీ ఒక మాట ముందుగా ఎక్కడ రాయబడిందన్నది వేరు, ఎక్కడ పుట్టిందన్నది వేరు. ఎవరు ముందు రాత నేర్చుకున్నారన్న దానికి అది సమాధానం అవుతుంది కానీ మా ప్రశ్నకి కాదు.

మూడోది పోలికల పట్టిక. మాస్టారి జర్మన్ ఇంగ్వర్ ఇక్కడే పెద్ద చిక్కు తెచ్చింది. ఇంజివేర్, ఇంగ్వర్ పక్కపక్కన రాస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నాకూ అలాగే అయింది, రెండో వైపు దాదాపు మొగ్గాను. కానీ ఒక భాషలో ఇవాళ ఉన్న రూపాన్ని పోల్చేముందు ఆ భాషలోనే దాని పాత రూపం చూడాలి. మధ్యయుగపు జర్మన్‌లో మొదట గ లేని 'ఇంగెవెర్' పక్కనే, ముందు గ ఉన్న 'గింగెబెరె' లాంటి రూపాలూ దొరుకుతాయి. అంటే అందరిలాగే జర్మన్లూ లాటిన్ నుంచే తెచ్చుకున్నారు. మొదటి హల్లు వాళ్ల దగ్గరే రాలిపోయింది. తమిళంలో ఒక హల్లు రాలింది (ఆ సంగతి కింద వస్తుంది), వందల ఏళ్ల తర్వాత జర్మన్‌లో ఇంకో హల్లు రాలింది. రెండింటికీ సంబంధం లేదు.

ఇది మాస్టారికి చెప్పడం నాకు కష్టమైంది. ఆయన మాత్రం కాసేపు ఊరుకుని, "అయితే జర్మన్ కొట్టెయ్యమ్మా, మిగతాది చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాటతో కేసు సగం తేలికైంది.

పని చేసిన పద్ధతి

పుట్టుక నుంచి ముందుకి రావడం మానేశాం. తెలిసిన చివర పట్టుకుని ఒక్కో మెట్టూ వెనక్కి నడవడం మొదలుపెట్టాం. నియమం ఒకటే: మెట్టు మారినప్పుడల్లా ప్రతి ధ్వనికీ లెక్క చెప్పాలి. అర్థం గురించి ఆఖరి దాకా ఎవరూ ఎత్తకూడదు. ఒక తెల్లకాగితం మీద మాటని నాలుగు ముక్కలు చేసి నాలుగు గళ్లు గీశాను.

ఇంగ్లిష్ వైపు మెట్లు సులువే. సుమారు 1000 నాటి ఇంగ్లిష్ వైద్య రాతల్లో ఈ మాట 'జింజిఫెర్' అని ఉంటుంది. రాసింది ఎఫ్ అక్షరమే అయినా రెండు అచ్చుల మధ్య దాన్ని 'వ'లాగే పలికేవాళ్లు. 1066 తర్వాత ఫ్రెంచి రూపం వచ్చి దీంతో కలిసిపోయింది. పోనుపోను మధ్యలోని 'వ' మాయమై జింజర్ మిగిలింది. అంతకు ముందు చివరి కాలపు లాటిన్‌లో గింగిబెర్, దాని వెనక జింగిబెర్. గళ్లు చక్కగా నిండుతున్నాయి.

లాటిన్ మెట్టు మీద కాసేపు నిలబడాలి. క్రీ.శ. 77 ప్రాంతంలో రోమన్ రచయిత ప్లినీ ఈ సరుకు గురించి రాశాడు. కొందరు జింగిబెరి అంటారు, కొందరు జింపిబెరి అంటారని రెండు పలుకుబడులూ ఇచ్చాడు. ఇది మిరియాల చెట్టు వేరని కొందరు అనుకుంటున్నారు, కాదు అని దిద్దాడు. పౌను ధర రోమన్ వెండి నాణేల్లో 6 దెనారియస్‌లు అని కూడా రాశాడు. కానీ పండేది అరేబియాలో, ఎర్ర సముద్రం ఆవలి ఆఫ్రికా తీరంలో అన్నాడు. సరుకు ఎవరి చేతుల మీదుగా వస్తే అక్కడిదే అనుకున్నారన్నమాట. మాట విషయంలో మేము చేసిన పొరపాటూ సరిగ్గా ఇలాంటిదే.

లాటిన్ వెనక గ్రీకు జింగిబెరిస్. అదే శతాబ్దపు వైద్యుడు డయొస్కోరిడీస్ దీని గురించి రాశాడు. గ్రీకు మాటలో మొదట హల్లు ఉంది, మధ్యలో 'ంగ' ఉంది. తమిళ రేవుల్లో 'ఇంజి' విని తెచ్చుకుని ఉంటే ఆ రెండూ ఉండవు. కాబట్టి నేరుగా తమిళం నుంచి వెళ్లిందన్న మాట నిలవలేదు. దానికి దగ్గరగా సరిపోయేది పాలీ సింగివేర, అంటే ప్రాకృత రూపం. హైదరాబాద్ యునానీ దుకాణాల్లో శొంఠిని జంజబీల్ అంటారు, అదీ ఇదే ప్రాకృత రూపం పర్షియా మీదుగా అరబ్బీలోకి వెళ్లిన కొమ్మ.

ఇక్కడి దాకా ఇద్దరూ ఒప్పుకున్నారు. దారి చీలేది ఇక్కడే.

టీచర్ ప్రకారం సింగివేర అనేది శృంగవేర అన్న సంస్కృతానికి ప్రాకృత రూపం. నేను ఆయన్ని గడి నింపమన్నాను. శృంగం పాలీలో సింగ అవుతుంది. అలాగైతే శృంగవేర 'సింగవేర' కావాలి. కానీ ఉన్నది సింగివేర. గ్రీకులోనూ 'జింగి', ఇంగ్లిష్ పాత రూపంలోనూ 'జింజి'. మధ్యలో ఈ 'ఇ' ఎక్కడిది?

ఆయన ఊరికే తల ఊపే రకం కాదు. "శృంగి అంటే కొమ్ము కలది అని తీసుకోవచ్చు కదా మేడం? శృంగిబేరపురంలో ఉన్నది అదే 'ఇ' కదా" అన్నాడు. మంచి అభ్యంతరం. ఆ ఊరి పేరుకి ఋష్యశృంగుడి కథ ఒకటి చెబుతారు కాబట్టి దాన్ని ఎవరి పక్షాన సాక్ష్యంగానూ తీసుకోలేదు. మొక్క పేరు వరకే చూస్తే, సంస్కృతంలో స్థిరపడిన రూపం శృంగవేర. అంటే కొమ్ము అన్న అర్థం స్పష్టంగా వినిపించే రూపం. అర్థం లేని 'ఇ' మీద అర్థం ఉన్న 'అ' పెట్టడానికి కారణం కనిపిస్తుంది. అర్థం ఉన్న 'అ'ని తీసి అర్థం లేని 'ఇ' పెట్టడానికి కారణం దొరకదు. అయినా ఇదొక్కటే చాలదనిపించింది. దక్షిణాది వైపు నుంచి ఇంకో సాక్ష్యం కావాలి.

అప్పుడు అసలు ప్రశ్న మాస్టారికి వేశాను. ప్రాకృతంలో స ఉంది, ఇంజిలో లేదు. ఆ స ఎటు పోయింది?

ఆయన సమాధానం మన పొలం గట్టు మీదే దొరికింది. మన ఈత చెట్టు. తమిళంలో ఈంచు, ఈందు. గోండీలో సీంది, కొలామీలో సీంది (రెండూ ద్రావిడ భాషలే), మరాఠీలో శిందీ. ఈత కల్లుని హైదరాబాద్ వైపు సేందీ అనడం వెనక ఉన్నది అదే. ఒకే చెట్టు పేరు: అడవి వైపు భాషల్లో స నిలిచింది, తెలుగు తమిళాల్లో రాలిపోయింది. ఇదొక్క మాటతో అయిపోలేదు. మన ఆరు గోండీలో సారుంగ్. మన ఉప్పుకి గోండీలో ఒక మాండలికంలో సొవర్, ఇంకో చోట హొవర్, మరో చోట ఒవర్. స కాస్తా హ అయి, తర్వాత అదీ లేకుండా పోవడం అక్కడ ఊరూరికీ వినొచ్చు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో ఈ గోండీ మార్పు మీదే ప్రత్యేకంగా పరిశోధన వ్యాసం ప్రచురించారు. కాబట్టి 'సింగి' లాంటి పాత రూపం తమిళంలో మొదటి హల్లు పోగొట్టుకోవడం మా సౌకర్యం కోసం కల్పించింది కాదు, ఆ కుటుంబంలో క్రమంగా జరిగిన మార్పే. ఇక ఇ పక్కన ఉన్న క-గ, చ-జ వైపు జారడం మనకి చెవికి దగ్గరి సంగతే: కన్నడంలో కివి, మన దగ్గర చెవి.

చివరి గడి 'వేర'. మూలబేరంలోని బేరం ఆగమాల మాట. మొక్కల పేర్ల చివర అది 'శరీరం' అన్న అర్థంలో వచ్చినట్టు ఇంకొక్క ఉదాహరణ కూడా మాకు దొరకలేదు. అదే 'వేరు' అనుకుంటే? తమిళ మలయాళాల్లో వేర్, కన్నడంలో బేరు, తెలుగులో వేరు. ఈ మాట మొక్క పేరు చివర వచ్చి, అక్కడి నుంచి సరుకుతోపాటు సముద్రం దాటిన ఇంకో ఉదాహరణ మన వట్టివేరు. తమిళ వెట్టివేర్ ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లో వెటివర్ అయింది, ఇవాళ్టికీ సెంటు సీసాల మీద ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చి మళ్లీ పాలీ జాబితా తీశాను. పసుపు, సింగివేర, వస, అలా సాగి అందులోనే ఉసీర కూడా ఉంది. ఉసీర అంటే వట్టివేరే. ఒకే వేరు మందుల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. ఆ రోజు చాలాసేపు ఆ పేజీ మూయబుద్ధి కాలేదు.

వృక్షశాస్త్రం ప్రకారం అల్లం వేరు కాదు, భూమిలోపల పెరిగే కాండం. పేరు పెట్టినవాళ్లకి మాత్రం అది మట్టిలోంచి పీకే వేరే.

నాలుగు గళ్లూ నిండాక గానీ అర్థం గురించి మాట్లాడుకోలేదు. అప్పుడు టీచర్ అడిగింది న్యాయమైన ప్రశ్న. "కొమ్ము కథ తప్పయితే అంత పెద్ద పండితులు దాన్ని ఎందుకు నమ్మారు మేడం?" నేను ఆయనకి జింజర్‌బ్రెడ్ చూపించాను. పాత ఫ్రెంచిలో గింగెబ్రాస్ లాంటి రూపం, అర్థం నిల్వ పెట్టిన అల్లం. అందులో రొట్టె లేదు. ఇంగ్లిష్ వాళ్లకి ఆ చివరి ముక్క అర్థం కాక, తమకి తెలిసిన 'బ్రెడ్' అని విన్నారు. తర్వాత ఆ పేరుకి తగ్గట్టు నిజంగానే రొట్టెలాంటి తీపి పదార్థం దానికి అర్థమైంది. పరాయి మాట ఇంట్లోకి వస్తే ఏ భాషైనా చేసే పనే ఇది. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మన శృంగం కూడా ఆ బ్రెడ్ లాంటిదేనా?" అన్నాడు. ఆ తర్వాత ఆయన గొంతులో బాధ వినిపించలేదు.

బాక్సులో ఏం రాశాం, ఏం రాయలేదు

మాస్టారు 'తమిళం' అని రాయమన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్రాకృతానికి వెళ్లిన రూపంలో స ఉంది. సంగం నాటి తమిళంలో అప్పటికే అది లేదు. కాబట్టి ఇచ్చింది దానికన్నా పాత దశ. ఆఫీసులో ఒకరు 'తెలుగు' అని కూడా పెట్టొచ్చు కదా అని ఆశపడ్డారు. ఆ ఆశ నాకూ ఉంది, కానీ మనది అల్లం, ఇంజి కాదు. మనకి ఈ మాటలో నిజంగా ఉన్న భాగం ఆ చివరి వేరు ఒక్కటే. అది తక్కువేం కాదు.

అచ్చయిన పాఠం ఇది: 'దక్షిణాది పాత ద్రావిడ భాషలో సింగి (అల్లం), వేర్ (వేరు) కలిసి ఏర్పడిన మాట. ప్రాకృతంలో సింగివేర, సంస్కృతంలో శృంగవేరం, గ్రీకులో జింగిబెరిస్, లాటిన్‌లో జింగిబెర్. జింజర్ చివరి ధ్వని మన వేరులోదే.'

ఇంకా వెనక్కి వెళ్లలేదా అని అడుగుతారు. అల్లం అడవిలో తనంతట తాను పెరిగే మొక్కగా ఎక్కడా దొరకదు, మనుషులు నాటితేనే ఉంది. మొక్క ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చిందని చాలామంది భావిస్తారు. ఆ దిక్కున చైనీస్‌లో జియాంగ్, థాయ్‌లో ఖింగ్ ఉన్నాయి. సింగికీ వాటికీ చుట్టరికం ఉందేమో అనిపిస్తుంది. కానీ ఇంగ్వర్ దగ్గర ఒకసారి కాలు జారాం కదా. ధ్వనులకి గడి గడికీ లెక్క చెప్పలేనంత వరకు అది ఫైల్లో ఉండాలే తప్ప బాక్సులోకి రాకూడదని ముగ్గురం నిర్ణయించుకున్నాం.

ఆ తర్వాత మా పనిలో రెండు మార్పులు చేశాను. వ్యుత్పత్తి పంపే ఫారంలో 'అర్థం' గడిని ఆఖరికి తీసుకెళ్లాను, ధ్వనుల గళ్లు నింపాకే అది నింపాలి. ఏ భాష రూపాన్ని సాక్ష్యంగా చూపినా, ఆ భాషలో దాని అతి పాత రూపం కూడా పక్కన రాయాలి. ఈ రెండో నియమం అదే నెలలో జింజర్లీ అన్న మాట దగ్గర పనికొచ్చింది. జాగ్రత్తగా, సుతారంగా అని అర్థం. అల్లంతో ముడిపెట్టి ఎవరో పంపారు. పాత రూపం వెతికితే అది నాజూకు అన్న అర్థమున్న పాత ఫ్రెంచి మాట వైపు వెళ్లింది, అల్లం వైపు కాదు.

ఒక చిన్న పని మిగిలిపోయింది. మొదటి పాఠం చూసి ఆర్టిస్టు బాక్సు పక్కన కొమ్ముల జింకని వేసి ఉంచాడు, చక్కటి బొమ్మ. అది తీసేయించి, మట్టితో సహా పీకిన అల్లం మొక్కని వేయించాం. టీచర్ తన ఇంటి పెరట్లోంచి ఒక మొక్క పీకి, ఫోటో తీసి పంపాడు. ఆర్టిస్టు దాన్ని చూసే గీశాడు.